వేడెక్కితే ఆగే కారు

మా కారు మొదటిసారి ఆగింది ఎండలు ముదరడం మొదలైన రోజుల్లో, బడి నుంచి ఇంటికి వస్తుండగా. నేను కోరుట్ల దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఇల్లు జగిత్యాలలో. మా ఆయనకు అక్కడే ఎరువుల దుకాణం ఉంది. ఆయన తిరగడానికి మోటార్ సైకిల్ ఉంది కాబట్టి కారు నా కోసమే కొన్నానని నాతో ఒకసారి, చుట్టాలతో చాలాసార్లు చెప్పాడు. మా ఇంటికి వచ్చేనాటికే అది పదిహేనేళ్ల పాత పెట్రోలు బండి. ఎడమవైపు వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. అయినా నాకది ఇష్టం. మా పుట్టింటి వైపు గానీ అత్తగారి వైపు గానీ ఆడవాళ్లలో స్టీరింగు పట్టింది నేనే మొదలు.

ఆ రోజు కారు దగ్గలేదు, కుదపలేదు. ఎవరో తాళం తిప్పి తీసేసినట్టు ఇంజిన్ ఊరికే ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు రాయిలా మారింది. ఎట్లాగో రోడ్డు పక్కకు తీసి ఆపాను. తాళం తిప్పితే ఇంజిన్ గిరగిరా తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. అరగంట కూర్చున్నాను. మళ్లీ తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన అడిగిన మొదటి మాట, "పెట్రోల్ చూసుకున్నవా?"

"సగం టాంకీ ఉంది."

"మరి క్లచ్ మీద కాలు సక్కగ పెట్టవు నువ్వు. అందుకే బందైతది."

నాలుగో గేరులో అరవై మీద పోతున్న బండి క్లచ్ వల్ల ఎట్లా ఆగుతుందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగకపోవడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

మరో వారంలో రెండుసార్లు ఆగేసరికి, ఒక ఆదివారం ఇద్దరం కలిసి జగిత్యాలలోనే ఒక మెకానిక్ దగ్గరికి పోయాం. బండి నడిపేది నేను. ఆగినప్పుడు అందులో ఉన్నది నేను. మెకానిక్ మాత్రం అడగాల్సినవన్నీ మా ఆయననే అడిగాడు. ఆయన నా వైపు చూస్తే నేను జవాబు చెప్పేదాన్ని. మెకానిక్ ఆ జవాబు మా ఆయన ముఖంలోంచి విన్నట్టు తలూపేవాడు.

"పెట్రోల్ పంపు పోయింది సార్. పాత బండ్లల్ల గిదే తక్లీఫ్."

"పంపు పని చేస్తాంది," అన్నాను. "బందైనంక తాళం తిప్పితే ఎనక సీటు కింద గుయ్యిమని చప్పుడత్తాంది. నేను ఇన్న."

మెకానిక్ నవ్వి మా ఆయనతో అన్నాడు, "మేడం టీచర్ గద సార్."

పంపు మార్చారు. ఎనిమిది రోజులకు కారు మళ్లీ ఆగింది.

రెండో మెకానిక్‌ది కరీంనగర్ రోడ్డు మీద పెద్ద షెడ్డు. అతని దగ్గర స్కానర్ ఉంది. స్టీరింగు కింద దాని వైరు పెట్టి చూసి, కంప్యూటర్లో ఏ తప్పూ కనిపించడం లేదన్నాడు. "నలభై నిమిషాలు నడిస్తేనే ఆగుతది, సల్లారితే మంచిగైతది, జర వేడెక్కినంక సూడుండ్రి," అని రెండుసార్లు చెప్పాను. అతను బండిని బైపాస్ దాకా తీసుకుపోయి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. ప్లగ్గులు మార్చాడు. బ్యాటరీ ఎర్తు వైరు గీకి బిగించాడు. అయిపోయిందన్నాడు. మా ఆయన అతని భుజం తట్టి, "గిది మెకానిక్ అంటే," అన్నాడు.

ఆ తర్వాత ఆగినప్పుడు నేనొక సంగతి గమనించాను. ఇంజిన్ ఆగింది గానీ బండి ఇంకా వేగంగానే దొర్లుతోంది. గేరు అట్లాగే ఉంది. గేరులో ఉన్నంతసేపూ చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటాయి. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు మాత్రం ఒక్కసారిగా సున్నా మీద పడిపోయింది. అంటే తిరుగుతున్న ఇంజిన్‌ను చూసి తిరగడం లేదని ఏదో అబద్ధం చెబుతోంది. రాత్రి అన్నం పెడుతూ ఆయనకు ఈ మాట చెప్పాను.

"బండి బందైతే ముల్లు పడిపోక ఏం జేత్తది?"

"గేర్లనే ఉండె. ఇంజిన్ తిరుగుతనే ఉండె. ముల్లుకు మాత్రం తెల్వలె."

"మెకానిక్ కంటే నీకెక్కువ తెల్సా? ఒక్కసారి ఆగితే ఏమాయె, బండి మంచిగైంది. ఊకె అనుమానం పెట్టుకోకు," అని టీవీ చప్పుడు పెంచాడు.

మంచిగైంది అన్న ఆ మాట నేను నమ్మలేదు. ఇది గట్టిగా చెప్పాల్సిన సంగతి. ఎందుకంటే ఆ తర్వాత జరిగిన దానికి మెకానిక్‌లనూ మొగుణ్నీ తిట్టుకుని ఊరుకునే వీలు నాకు లేదు.

మాది సిరిసిల్ల. మా నాన్న సాంచాల మీద పని చేసేవాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. మేమిద్దరం ఆడపిల్లలం. పదో తరగతి కాగానే అక్క సాంచాలకు దారం కండెలు చుట్టే మిషను ముందు కూర్చుంది, నేను కాలేజీకి పోయాను. అక్క నాకంటే తక్కువ తెలివిగలదేమీ కాదు. పెద్దది, అంతే. ఆమె కండెలు చుట్టింది, నేను బీఎస్సీ చదివాను, తర్వాత బీఎడ్. ఆమెను సాంచాలు నడిపే అతనికే ఇచ్చారు. వాళ్లకు ఒక్కతే బిడ్డ.

ఆ పిల్ల ఇంటర్ చదివిన రెండేళ్లూ సాయంత్రాలు నాకు ఫోన్ చేసేది. "చిన్నమ్మ, కాయిల్ తిప్పితే కరెంటెట్ల అత్తది? పుస్తకంల రాసింది సమజైతలేదు," అని అడిగేది. సాంచాల చప్పుడులోంచి ఆ గొంతు సన్నగా వినిపించేది. ఒకసారి చెబితే చాలు, రెండోసారి అడగాల్సిన పని లేదు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు కరీంనగర్ అవతల ఒక కాలేజీలో సెంటర్ పడిందని ఫోన్ చేసిన రోజు, నేనే ముందుగా అన్నాను, "బస్సుల ఎందుకు బిడ్డా, నేను కారు తీస్కత్త. మంచిగ కారుల పోదాం."

ఫోన్ అక్క తీసుకుంది. "ఎందుకు చెల్లె తిప్పల? గంటకో బస్సుంది."

"తిప్పలేంది అక్కా? నా బండి ఉన్నది ఎందుకు?"

నా బండి అన్నాను. అక్క వాడకట్టులోకి కారు నడుపుకుంటూ పోయి, ఆమె ఇంటి ముందు ఆపి, ఆమె బిడ్డను ఎక్కించుకోవాలని నాకు ఉండింది. అక్క చుట్టిన కండెలన్నిటికీ అదే నేనిచ్చే జవాబు అనుకున్నాను కాబోలు. పరీక్షకు ముందురోజు మా ఆయన కూడా అన్నాడు, "తీస్కపో. రిపేరైంది గద. భయపడకు." ఆయన మాట నమ్మలేదు గానీ వాడుకున్నాను.

పరీక్ష మధ్యాహ్నం మూడింటికి. ఆ తర్వాత ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరని హాల్ టికెట్ మీదే ఉంది. పొద్దున చల్లగా ఉండగానే జగిత్యాలలో బయల్దేరి, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాను. దారిలో ఒక్కసారీ ఆగలేదు. అక్క కోడిగుడ్డు కూర చేసింది. బావ సాంచాల మీది నుంచి వచ్చి, దూది అంటిన చేతులతోనే కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మంచిగున్నది," అన్నాడు. గంట ప్రయాణానికి రెండు గంటలకు పైగా చేతిలో పెట్టుకుని, పన్నెండున్నర దాటాక బయల్దేరాం. ముందు సీట్లో అక్క బిడ్డ, వెనక అక్క.

ఇరవై కిలోమీటర్లు పోయాక ఇంజిన్ ఆగింది. ముల్లు పడిపోవడం మళ్లీ చూశాను.

రెండు వైపులా కోసిన వరి పొలాలు. చెట్టు నీడ కూడా లేదు. బానెట్ ఎత్తితే వేడి ముఖాన కొట్టింది. "ఏం గాదు, అరగంటల సల్లారితే మల్ల నడుత్తది," అన్నాను. నాకు అది తెలుసు. మూడు నెలలుగా చూస్తున్నాను. అక్క కొంగు నెత్తి మీద వేసుకుని రోడ్డు మీద నిలబడింది. అక్క బిడ్డ కారులో కూర్చునే సూత్రాల కాగితం చదువుకుంటోంది. చెమట చుక్కలు కాగితం మీద పడుతుంటే చున్నీతో ఒత్తుకుంటోంది.

పావుగంట కాకముందే సిరిసిల్ల వైపు నుంచి ఎర్రబస్సు కనిపించింది.

"చెల్లె, బస్సత్తాంది. ఆపాల్నా? మేమిద్దరం ఎక్కిపోతం," అంది అక్క. అప్పటికే చెయ్యి సగం ఎత్తింది.

"వద్దక్కా. పది నిమిషాలు ఆగు. ఎండల బస్సుల నిలబడి పోతే పరీక్ష ఏం రాత్తది? టైం మస్తున్నది."

అక్క చెయ్యి దించింది. నేను చదువుకున్నదాన్ని కదా. డ్రైవరు కొంచెం నెమ్మది చేసి మమ్మల్ని చూశాడు. ఎవరూ చెయ్యి ఎత్తకపోయేసరికి వెళ్లిపోయాడు.

రెండింటికి కారు స్టార్ట్ అయింది. నేను అక్క వైపు చూసి నవ్వాను కూడా. పది నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. లోపల వేడి పూర్తిగా తగ్గకముందే స్టార్ట్ చేస్తే తొందరగా ఆగుతుందని నాకు తెలియదు. ఆ తర్వాత రోడ్డు మీద మేం ముగ్గురం చేతులు ఊపుతూ పరుగెత్తాం. తర్వాతి బస్సు జాడ లేదు. ఆటోలు నిండుగా పోయాయి. ఒక కారతను అద్దం దించి, "ఎటు పోవాలె?" అని అడిగి, చెప్పేలోపే ముందుకు పోయాడు. చివరికి మక్కజొన్న బస్తాలతో పోతున్న ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. అక్క బిడ్డను డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, మేమిద్దరం వెనక బస్తాల మీదికి ఎక్కాం. కారుకు తాళం వేశానో లేదో కూడా గుర్తు లేదు. "జర జల్ది పోనియ్యి అన్నా," అని అక్క దారంతా అంటూనే ఉంది. ఆ గాలిలో అతనికి వినబడే అవకాశం లేదు.

గేటు ముందు దిగేసరికి మూడు గంటల ఆరు నిమిషాలు.

గేటు లోపల ఒక మహిళా కానిస్టేబుల్ నిలబడి ఉంది. అక్క కమ్మీలు పట్టుకుంది. "బండి ఖరాబైంది మేడం. సిరిసిల్ల కాడి నుంచి అచ్చినం. ఒక్కతే పిల్ల, లోపలికి పంపుండ్రి, మీ కాల్మొక్త."

"నా చేతుల ఏం లేదమ్మా. లోపల కంప్యూటర్ బందైతది. నన్ను తిడితే ఏమత్తది?"

"నేను తిడతలేను మేడం," అంది అక్క.

నేను ముందుకు పోయి, నేను ప్రభుత్వ టీచర్నని చెప్పాను. లోపల ఉన్న అధికారిని పిలవమన్నాను. ఆమె లోపలికి పోయింది, తిరిగొచ్చింది, తల అడ్డంగా ఊపింది. మా పక్కన ఇంకో తండ్రి, కొడుకు ఉన్నారు. ఆ తండ్రి అక్కడే నేల మీద కూర్చుని కొడుకును తిడుతున్నాడు. అక్క బిడ్డ ఏడవలేదు. హాల్ టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి పెన్నుతో పాటు సంచిలో వేసుకుంది. "నీళ్లున్నయా చిన్నమ్మ?" అని అడిగింది. నీళ్ల సీసా కారులోనే ఉండిపోయింది.

తిరిగి బస్సులో వచ్చాం. కారు ఆగిన చోట నేను దిగాను. "పైలంగ పో చెల్లె," అంది అక్క కిటికీలోంచి. ఆ పిల్ల తల తిప్పలేదు. బస్సు పోయాక తాళం తిప్పాను. మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది. ఆ ఇంజిన్ చప్పుడు వింటూ ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. చక్కగా, నున్నగా తిరుగుతోంది. నాకు దాన్ని కాలబెట్టాలనిపించింది.

ఇంట్లో అంతా విని మా ఆయన అన్నాడు, "ఆగిన బండి కాడ గంటసేపు కూసుంటరా ఎవలన్న? బస్సెక్కియ్యాలె గద. గింత తెలివి లేకపాయె."

ఆ ఒక్క మాట మాత్రం ఆయన నిజమే చెప్పాడు. అందుకే అది ఇప్పటికీ మండుతుంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా నేనే పని మొదలుపెట్టాను. బడికి ఎండాకాలం సెలవులు. ల్యాబులో ఉండే మల్టీమీటరు ఇంటికి తెచ్చుకున్నాను. ఫోనులో వీడియోలు చూశాను. మా బండిలో ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట బొటనవేలంత సెన్సార్ ఒకటి ఉంటుంది. లోపల ఒక అయస్కాంతం, దాని మీద సన్నటి తీగ చుట్టిన కాయిల్. ఇంజిన్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం దాని ముందు నుంచి పోతుంటే కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు తెలిసేది దానివల్లే. ఆ కబురు అందకపోతే కంప్యూటర్ పెట్రోలూ ఆపేస్తుంది, నిప్పూ ఆపేస్తుంది. పంపు మంచిదే, ప్లగ్గులు మంచివే, బ్యాటరీ మంచిదే. నేను ఏటా పదో తరగతికి చెప్పే పాఠం ఇది. మూడు నెలలు నా కళ్ల ముందే ముల్లు పడిపోతుంటే, నాకు ఆ పాఠం గుర్తుకు రాలేదు.

ఒక పొద్దున ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి పక్కన పెట్టి, చెయ్యి లోపలికి దూర్చి, సెన్సార్ వైరు ఊడదీశాను. మీటరు పెడితే కాయిల్ నిరోధం ఐదు వందల ముప్పై ఓమ్‌లు. మళ్లీ అన్నీ బిగించి, వాకిట్లోనే ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ పెట్టి, హెడ్‌లైట్లు వేసి వదిలేశాను. పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏమైంది వదినా, ఊకెనే నడిపిత్తానవ్?" అంది. "పరీక్ష పెట్టిన," అన్నాను. గంట దాటాక ఇంజిన్ ఆగింది. చెయ్యి కాలుతున్నా గబగబా వైరు ఊడదీసి మీటరు పెట్టాను. కొలత రాలేదు. తెర మీద ఎడమ పక్కన '1' మాత్రం నిలబడింది. లోపల తీగ తెగింది అని దాని అర్థం. తడిగుడ్డ తెచ్చి సెన్సార్ మీద ఒత్తి పట్టుకున్నాను. కొంతసేపటికి ఆ '1' పోయి, అంకెలు అటూ ఇటూ ఎగిరి, ఐదు వందల ఎనభై దగ్గర ఆగాయి. తీగ ఎక్కడో విరిగి ఉంది. వేడికి విడిపోతోంది, చల్లారితే అంటుకుంటోంది. ఇంకేమీ లేదు.

నాకు సంతోషం కలగాల్సింది. వాకిట్లో కూర్చుని ఏడ్చాను.

రాత్రి మా ఆయనకు చెబితే, "గా వైర్లు పీకకు. ఉన్నది గూడ ఖరాబైతది," అన్నాడు. రెండో మెకానిక్ దగ్గరికి నేనొక్కదాన్నే పోయి, మూడు కొలతలూ కాగితం మీద రాసి చూపించాను. అతను కాగితం చేతిలోకి తీసుకోలేదు. "గా సెన్సార్ పోతే బండి అసలు స్టార్టే గాదు మేడం. మీ బండి మంచిగ స్టార్ట్ అయితాంది గద. కంప్యూటర్ పోయిందేమో, సార్‌ను ఒకసారి రమ్మనుండ్రి."

సార్‌ను రమ్మనలేదు. తెల్లారి చల్లగా ఉండగానే బండి తీసి కోరుట్ల పోయాను. బడికి పోయే దారిలో, పాత డైనమోలు, స్టార్టర్ మోటార్లు విప్పి చుట్టే ఒక ముసలాయన చిన్న షట్టర్ దుకాణం ఉంది. కారు పని చేస్తాడో లేదో తెలియదు గానీ, కాయిల్ అంటే ఏమిటో ఆయనకు తెలిసి ఉండాలని పోయాను. కళ్లద్దాలకు ఒక పక్క కాడ లేదు, దారం కట్టుకున్నాడు. నేను చెప్పడం మొదలుపెడితే చేతిలో పని పక్కన పెట్టాడు. మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. నా కాగితం తీసుకుని కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"సల్లగున్నప్పుడు గింత. వేడెక్కినంక ఏం లేదు. తడిగుడ్డ పెడితే మల్ల గింత. గంతే గద?"

"గంతే."

"కాయిల్ తెగింది. ఇంకేం సూసేది లేదు. మోటార్లల్ల రోజు జూత్త నేను గిది."

మూడు నెలల తర్వాత ఒక మనిషి నా మాట నా ముఖం చూసి విన్నాడు. కరీంనగర్‌కు ఫోన్ చేసి పార్టు చెప్పాడు. మర్నాడు అది బస్సులో వచ్చింది. మార్చడానికి మాత్రం చెమటలు పట్టాయి. పది నంబరు పానాతో ఒక్క బోల్టు విప్పితే రావాల్సిన సెన్సార్ తుప్పుకు లోపల అతుక్కుపోయింది. తిప్పబోతే తల విరిగి చేతికొచ్చింది. మిగిలిన ముక్కలోకి ఒక స్క్రూ దించి, దాన్ని కటింగ్ ప్లయరుతో పట్టి, అటూ ఇటూ మెల్లగా కదిలిస్తూ గంటసేపు లాగాడు. టార్చి నేను పట్టుకున్నాను. బయటికి వచ్చాక దాన్ని నా అరచేతిలో పెట్టాడు. నల్లటి ప్లాస్టిక్ ముక్క, చివర ఇనుము. ఏ బరువూ లేదు.

కొత్తది బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెట్‌పల్లి దాటేదాకా మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపాడు. మళ్లీ తిరిగొచ్చాం. మళ్లీ పోయాం. ఆగలేదు. దిగాక చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఎన్నొద్దుల సంది గిట్ల ఆగుతాంది?"

"మూడు నెల్లాయె."

"గంత తెల్సి గూడ దూరం తీస్కపోయిన్రా ఎన్నడన్న?"

ఆయన ఊరికే అడిగాడు. నేను డబ్బులిచ్చి బండి తీసుకుని వచ్చేశాను.

ఆ వారంలోనే సిరిసిల్ల పోయాను. ఎందుకు పోయానో నాకే సరిగ్గా తెలియదు. కారు బాగైందని చెబితే ఎవరికి ఏం ఒరుగుతుంది? అక్క కండెల మిషను ఆపకుండానే నన్ను కూర్చోమంది. బావకు సెన్సార్ సంగతంతా చెప్పాను, చిన్న తీగ, వేడికి విడిపోతుంది, ఎవరూ కనిపెట్టలేకపోయారు అని. ఆయన అంతా విని, "మంచిది. బండి బాగైంది గద," అని సాంచాల దగ్గరికి పోయాడు. మాట కటువుగా లేదు. కటువుగా ఉంటే బాగుండేది.

అక్క నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ రోజు కూడా తిట్టలేదు. దారం తెగితే ముడి వేస్తూ, తనలో తను అనుకున్నట్టు అంది, "గా బస్సుల సీట్లు గూడ ఖాళీగనే ఉండె చెల్లె. నేను జూసిన."

మిషను చప్పుడు మా ఇద్దరికీ సాయం చేసింది.

అక్క బిడ్డను మా ఇంట్లో ఉంచుకుని ఏడాది చదివిస్తానన్నాను. మళ్లీ రాస్తే తప్పకుండా సీటు వస్తుందన్నాను. ఆ పిల్ల చాలా మర్యాదగా, "వద్దు చిన్నమ్మ. ఇగ బుద్ధి పుడ్తలేదు," అంది. ఆ ఏడు సిరిసిల్లలోనే డిగ్రీలో చేరింది, కామర్స్. మధ్యాహ్నాలు బట్టలు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. చొక్కాలకు కాలర్లు కుడుతుందట. లెక్కలు రాలేని పిల్ల కాదు, చదువు మీద ఆశ లేని పిల్లా కాదు. ఆ రోజు గేటు ముందు ఆమెలో ఏం ఆగిపోయిందో కొలవడానికి నా దగ్గర ఏ మీటరూ లేదు. సాయంత్రాలు ఫోన్ రావడం ఆగిపోయింది. నేను చేస్తే, "బాగున్నరా చిన్నమ్మ?" అంటుంది. ముందు 'నువ్వు' అనేది.

తర్వాత మా ఆడబిడ్డ వాళ్ల గృహప్రవేశంలో, భోజనాల దగ్గర, మా ఆయన తన దోస్తులకు ఈ కథ చెబుతుంటే విన్నాను. "నాలుగు షెడ్లు తిరిగిన. ఒక్కడు పట్టలేదు. సివరికి నేనే అన్న, సెన్సార్ సూడుండ్రి అని. చిన్న ముక్క, గిదే తిప్పలు పెట్టింది."

నేను వడ్డిస్తున్న గిన్నె పట్టుకునే అడిగాను, "ఏ సెన్సార్?"

"గదే. ఇంజిన్ సెన్సార్."

"యాడుంటది గది?"

ఆయన నవ్వాడు. "ఇగో, టీచర్లతోని గిదే లొల్లి. యాడికి పోయినా పరీక్షనే." అందరూ నవ్వారు. అక్కడ కూర్చున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. నేను పప్పు వడ్డించి పక్క వరుసకు పోయాను.

ఆ రోజు ఇంటికొచ్చాక గొడవ పడదామనుకున్నాను. కారులో తిరిగొచ్చేటప్పుడు మాటలన్నీ వరుసగా పేర్చుకున్నాను కూడా. ఆయన పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఇంటి ముందు బండి ఆపేసరికి నాకు ఓపిక అయిపోయింది. ఆయనతో గొడవ పడి గెలిస్తే మాత్రం, మూడు గంటల ఆరు నిమిషాలు మూడు గంటలు అవుతాయా? బస్సుకు ఎత్తిన అక్క చెయ్యి దింపించింది ఆయన కాదు.

కారు ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. రోజూ బడికి పోతోంది, వస్తోంది. సిరిసిల్లకు మాత్రం నేను బస్సులోనే పోతాను. ఎందుకని మా ఆయన అడగలేదు. ఈ మధ్య, పాతది ఎన్నాళ్లు నడుపుతావు, కొత్త కారు తీసుకుందాం అంటున్నాడు. మొన్న షోరూముకు పోయి అన్నీ తనే చూసుకుని వచ్చాడు. ఇంటికొచ్చాక ఫోను నా ముందు పెట్టి, "తెలుపా, ఎరుపా? నీ ఇష్టమే," అన్నాడు. ఏదైనా ఫరవాలేదన్నాను.